గొర్రె పిల్లల కాళ్ళు పట్టుకుపోతున్నాయి, సెలీనియం ఇంజెక్షన్ వేయాలా?

ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీవి 60 నెల్లూరు జోడిపి తల్లులు. మేపంతా ఎత్తు షెడ్డులోనే. మేత వేరుశనగ కట్టె, వరిగడ్డి, కంది పొట్టు, మొక్కజొన్న నూక, రైస్ మిల్లు నుంచి తెచ్చిన తవుడు. ఎండాకాలం కాబట్టి రెండు నెలలుగా పచ్చిమేత లేదు. నెల, నెలన్నర వయసు పిల్లలు కొన్ని వెనక కాళ్ళు బిగదీసుకుని, నడుము పైకి వంచి నడుస్తున్నాయి. కొన్ని లేవలేకపోతున్నాయి, కానీ పాలు పడితే తాగుతున్నాయి. చిటుకు రోగం టీకా కోసం పట్టుకున్న రోజు రెండు పిల్లలు అక్కడికక్కడే చచ్చిపోయాయి. మందుల షాపు అతను విటమిన్-ఇ, సెలీనియం అనే ఖనిజం కలిసిన ఇంజెక్షన్ సీసా ఇచ్చి "పిల్లకు 2 ఎం.ఎల్. వెయ్యండి, టానిక్కే" అన్నాడు. వేయాలా వద్దా అని మీ సందేహం.

2 ఎం.ఎల్. మాత్రం వేయకండి. మీ అనుమానం సరైనదే కావచ్చు, ఆ మందు సరైనదే కావచ్చు, కానీ ఆ మోతాదు పిల్లను చంపగలదు. లెక్క కింద వేసి చూపిస్తాను. ముందు రోగం సంగతి.

మీరు చెప్పిన లక్షణాలు తెల్ల కండరాల వ్యాధికి చాలా దగ్గరగా ఉన్నాయి. మన కాపరులు దీన్ని కాళ్ళు పట్టుకుపోవడం అనో, వాతం అనో అంటారు. ఒంట్లో సెలీనియం, విటమిన్-ఇ రెండూ గానీ, రెండింటిలో ఒకటి గానీ బాగా తక్కువైనప్పుడు వేగంగా పెరిగే పిల్లల్లో వస్తుంది. కండరం పనిచేస్తున్నప్పుడు దానిలో పెరాక్సైడ్లు అనే హాని చేసే పదార్థాలు పుడతాయి. అవి పేరుకుంటే కండర కణాల పొరల్లో ఉన్న కొవ్వు పాడై కణం చచ్చిపోతుంది. పొరలో కూర్చుని కాపాడేది విటమిన్-ఇ. కణం లోపల ఆ పెరాక్సైడ్లను విరిచేసేది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, అందులో సెలీనియం ఒక భాగమని 1973లో తేలింది. ఒకటి తగ్గితే రెండోది కొంతవరకు ఆదుకుంటుంది. రెండూ తగ్గిన మందలోనే పిల్లలు వరసగా పడిపోతాయి.

బాగా పనిచేసే కండరాలే ముందు దెబ్బతింటాయి. తొడలు, జబ్బలు, నడుము, శ్వాసకు పనికొచ్చే డయాఫ్రం, అన్నిటికంటే ముఖ్యంగా గుండె. తొడలు దెబ్బతింటే పిల్ల కుంటుతుంది, బిగుసుకుంటుంది, కుక్కలా కూర్చుండిపోతుంది. రెండు పక్కలా ఒకేలా ఉండడం దీని గుర్తు. నాలుక కండరాలు దెబ్బతింటే ఆకలి ఉన్నా చన్ను పట్టి లాగలేదు. డయాఫ్రం దెబ్బతింటే ఎగశ్వాస వస్తుంది, అది చూసి న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వేస్తాం, ఫలితం ఉండదు. గుండె దెబ్బతిన్న పిల్ల పైకి బాగానే కనిపిస్తుంది. తరిమినా, పట్టుకుని పడేసినా, షెడ్డు దింపి పరిగెత్తించినా ఉన్నచోటే పడి చస్తుంది.

అందుకే టీకా రోజు చావులు. చాలా ఊళ్ళలో ఈ చావులు టీకా ఖాతాలో పడతాయి. ఆ మరుసటి ఏడాది రైతు టీకా వేయించడు, నిజమైన చిటుకు రోగం వచ్చి పాతిక పిల్లల్ని తీసుకుపోతుంది. మీ రెండు పిల్లలూ టీకా మందు ఒంటికి ఎక్కేలోపే, పెనుగులాటలోనే పడిపోయాయని రాశారు. ఆ మాటే నన్ను సెలీనియం వైపు ఎక్కువగా లాగింది. అయితే మందు పడక రియాక్షన్ వచ్చినా నిమిషాల్లోనే జరుగుతుంది కాబట్టి ఒక్క దాన్నే పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు.

ఇలా కనిపించే వేరే జబ్బులు ఎక్కువే ఉన్నాయి. రాగి లోపం ఉన్న తల్లులకు పుట్టిన పిల్లలు కూడా వెనక కాళ్ళు ఈడుస్తాయి, కానీ అది వెన్నుపాము జబ్బు. కాళ్ళు బిగుసుకోవు, తూలుతాయి. బొడ్డు నుంచి చీము పాకి కీళ్ళు వాచిన పిల్ల కూడా నడవదు, కానీ కీలు ముట్టుకుంటే వేడిగా, ఉబ్బుగా ఉంటుంది, జ్వరం ఉంటుంది, సాధారణంగా ఒకటో రెండో కీళ్ళకు పరిమితం. ధనుర్వాతంలో దవడ బిగుస్తుంది, చిన్న చప్పుడుకే ఒళ్ళు కొయ్యబారుతుంది. చిటుకు రోగంలో బాగా పాలు తాగే బలమైన పిల్ల రాత్రికి రాత్రి పోతుంది, తల వెనక్కి వాలి కాళ్ళు కొట్టుకుంటుంది.

ఇంకో రెండు కారణాలను మన దగ్గర ఎవరూ అడగరు, మీరు మాత్రం ఆలోచించండి. మొదటిది కోళ్ళ దాణా. బ్రాయిలర్ దాణాలో కాక్సిడియా (పేగుల్లో పెరిగే పరాన్నజీవి) మందుగా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి కలుపుతారు. ఆ దాణా గానీ, కోళ్ళ ఫారం లిట్టర్ గానీ గొర్రెలకు పెడితే గుండె కండరం, తొడ కండరం అచ్చంగా ఇలాగే పాడవుతాయి. సెలీనియం తక్కువున్న జీవాలకు ఆ విషం ఇంకా తొందరగా ఎక్కుతుంది. రెండోది కసివింద. గింజలు దాణాలోనో ఎండుమేతలోనో కలిసి వస్తే కండరాలు కరిగి మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంది. ఈ రెండిట్లో ఏదైనా మీ షెడ్డులోకి వచ్చిందా అని మేత అమ్మినవాణ్ణి గట్టిగా అడగండి.

ఇక తేల్చుకోవడం ఎలా? చచ్చిన పిల్లను కోసి చూడడమే అన్నిటికంటే చౌక, అన్నిటికంటే నమ్మకం. ముక్కులోంచో ఆసనంలోంచో గడ్డకట్టని నల్ల రక్తం కారుతుంటే మాత్రం కోయకండి, దొమ్మ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటిదేమీ లేకపోతే మీ పశువైద్యాధికారిని పిలిచి పోస్ట్‌మార్టం చేయించండి. చచ్చిన కొద్ది గంటల్లోనే చేయాలి, ఈ ఎండకు సాయంత్రానికి ఏమీ మిగలదు. తొడ చర్మం ఒలిచి కండరాలు పాయలు పాయలుగా విడదీసి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన చోట ఉడికించిన కోడి మాంసంలా పాలిపోయిన చారలు కనిపిస్తాయి. ముదిరిన కేసులో ఆ చారల్లో సున్నం పేరుకుని కత్తికి గరగరమని తగులుతుంది. ఎడమ తొడలో ఏ కండరం పాలిపోయిందో కుడి తొడలోనూ అదే పాలిపోతుంది. తర్వాత గుండె తెరిచి లోపలి గోడ చూడాలి. గొర్రె పిల్లల్లో ఎక్కువగా కుడి గది గోడ మీద, దూడల్లో ఎక్కువగా ఎడమ గదిలో తెల్ల మచ్చలు, చారలు ఉంటాయి. గుండె పైపైన చూసి వదిలేస్తే ఇది దొరకదు, లోపలి గోడ చూడమని మీరే గుర్తు చేయండి. డాక్టర్ గారు ఏమీ అనుకోరు. కార్జం ముక్క ఒకటి ఐసు మీద, కండరం, గుండె ముక్కలు ఫార్మలిన్‌లో తీసి పెట్టమనండి. రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య కళాశాలకు పంపితే మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు.

బతికున్న పిల్లలకు రక్తపరీక్ష ఉంది, దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మనుషుల ల్యాబులో గుండెనొప్పి వచ్చినవాళ్ళకు చేసే సీపీకే పరీక్షే ఇది. కండర కణం పగిలితే ఆ ఎంజైమ్ రక్తంలోకి వస్తుంది. బాగున్న పిల్లల్లో వందల్లో ఉండేది ఈ జబ్బులో వేలల్లోకి, కొన్నిసార్లు పదివేలు దాటి పోతుంది. రోజంతా పడుకుని ఉన్న పిల్లలో ఒత్తిడికి కొంత పెరుగుతుంది, సూది మందు కండరంలో వేసినా పెరుగుతుంది, కాబట్టి ఏ సూదీ వేయకముందే, కొత్తగా కుంటడం మొదలుపెట్టిన పిల్లల నుంచి తీయండి. సీపీకే ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. ఏఎస్‌టీ అనే ఇంకో ఎంజైమ్ ఇంకొన్ని రోజులు పైనే ఉంటుంది, అందుకే రెండూ కలిపి చేయించాలి. రక్తం తీసిన ట్యూబు నురుగు రాకుండా, కుదుపులు లేకుండా తీసుకెళ్ళండి, ఎర్రకణాలు పగిలితే అంకెలు తప్పుగా వస్తాయి.

రక్తంలో సెలీనియం కొలిపించాలంటే కుంటే పిల్లల కంటే తల్లుల రక్తం ఎక్కువ చెబుతుంది. సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీటిలో) ఉండేది ఈమధ్య తిన్నది. మొత్తం రక్తంలో ఉండేది గత కొన్ని నెలల సంగతి, ఎందుకంటే ఎర్రకణం పుట్టేటప్పుడే సెలీనియం ఎంజైమ్ దానిలోకి చేరుతుంది. నిన్న ఇంజెక్షన్ వేసి ఇవాళ మొత్తం రక్తం పరీక్ష చేయించి "పెరగలేదే" అని కంగారుపడే రైతులున్నారు. పెరగదు.

ఇప్పుడు మందు లెక్క. దీని దగ్గరే కొంచెంసేపు ఆగుదాం.

వైద్యానికి ఇచ్చే సెలీనియం కిలో బరువుకు సుమారు 0.06 మిల్లీగ్రాము. మీ నెల పిల్ల 6 కిలోలు ఉందనుకోండి, 0.36 మిల్లీగ్రాము చాలు. మీ దగ్గరున్న సీసా మీద ఏమి రాసి ఉందో నాకు తెలియాలి, ఎందుకంటే రెండు రకాలుగా రాస్తారు. ఒక కంపెనీ "సెలీనియం 1.5 మి.గ్రా." అని రాస్తుంది. ఇంకోటి "సోడియం సెలెనైట్ 1.5 మి.గ్రా." అని రాస్తుంది. చూడటానికి ఒకటే, లెక్కకు ఒకటి కాదు. సోడియం సెలెనైట్ ఉప్పులో అసలు సెలీనియం 45 శాతం చిల్లర మాత్రమే. కాబట్టి రెండో సీసాలో ఎం.ఎల్.కు ఉండేది 0.68 మిల్లీగ్రామే. మొదటి సీసా అయితే మీ పిల్లకు పట్టేది పావు ఎం.ఎల్., రెండోది అయితే అర ఎం.ఎల్. కొంచెం పైన. రెండూ కూడా 5 ఎం.ఎల్. సిరంజితో కొలిచేవి కావు. చక్కెర రోగులు వాడే సన్న సిరంజి గానీ, 1 ఎం.ఎల్. సిరంజి గానీ తీసుకోవాలి.

షాపు అతను చెప్పిన 2 ఎం.ఎల్. మొదటి రకం సీసాలోంచి వేస్తే 3 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. అంటే కిలోకు అర మిల్లీగ్రాము. గొర్రెల్లో ఇంజెక్షన్ ద్వారా ఆ స్థాయి సెలీనియం ప్రాణాపాయమే. గంటల్లో ఎగశ్వాస, నురుగు, ఊపిరిలో వెల్లుల్లి వాసన, చావు. దీనికి విరుగుడు లేదు. పెద్ద గేదెల కోసం తయారైన ఎక్కువ గాఢత సీసాను పిల్లలకు వాడినప్పుడు జరిగేది ఇంకా ఘోరం.

ఇది అతిగా భయపెట్టడం కాదు. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో పోలో పోటీలకు వచ్చిన 21 గుర్రాలు ఒకదాని తర్వాత ఒకటి పడి చచ్చిపోయాయి. వాటికి ఇచ్చిన విటమిన్ ఇంజెక్షన్ తయారీలో సెలీనియం కొలత తప్పి ఎక్కువ పడింది. కోట్ల విలువ చేసే గుర్రాలు, పక్కనే డాక్టర్లు, అయినా ఒక్కదాన్నీ కాపాడలేకపోయారు. "టానిక్కే" అన్న మాట ఈ మందు విషయంలో ఎవరన్నా నాకు టెన్షన్ మొదలవుతుంది.

నిజానికి ఈ సెలీనియం మొదట విషంగానే ప్రపంచానికి తెలిసింది. 1930లలో అమెరికాలోని సౌత్ డకోటా వైపు పశువుల గిట్టలు ఊడి, తోక వెంట్రుకలు రాలిపోతుంటే వెతికి వెతికి మేతలోని సెలీనియం కారణమని తేల్చారు. అది ఒంటికి అవసరమని 1957లో క్లాస్ ష్వార్ట్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ ఎలుకల మీద చూపించారు. మరుసటి ఏడాదే, 1958లో, ఒరెగాన్‌లో మ్యూత్, ఓల్డ్‌ఫీల్డ్ బృందం తల్లి గొర్రెల మేతలో కాస్త సెలీనియం కలిపి పిల్లల్లో తెల్ల కండరాల వ్యాధిని ఆపగలిగింది. గమనించండి, వాళ్ళు మందు కలిపింది తల్లి మేతలో. విషమన్న ముద్ర ఉండడం వల్ల అమెరికాలో దాణాలో కలపడానికి మొదటి అనుమతి 1974 దాకా రాలేదు. 1987లో దాణా కిలోకు 0.3 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు, ఇప్పటికీ లెక్కలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి.

మన దేశంలోనే రెండో కొస కూడా ఉంది. పంజాబ్‌లో నవాన్‌షహర్ (ఇప్పుడు షహీద్ భగత్ సింగ్ నగర్), హోషియార్‌పూర్ జిల్లాల్లోని కొన్ని ఊళ్ళ నేలలో సెలీనియం మరీ ఎక్కువ. అక్కడ పండిన గడ్డి తిన్న గేదెలకు కొమ్ములు, గిట్టలు చీలి ఊడిపోతాయి, వెంట్రుకలు రాలతాయి, కుంటుతాయి. లుధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి దాని మీద పనిచేశారు. లోపంలోనూ కుంటే, ఎక్కువైనా కుంటే. అందుకే కుంటడం చూడగానే సూది తీయకూడదంటాను.

మరి ఇవాళ మీరు చేయాల్సింది. కుంటే పిల్లల్ని తల్లులతో సహా వేరే చేసి మెత్తని ఎండుగడ్డి పరుపు మీద ఉంచండి. చెక్కల సందుల నేల మీద కాళ్ళు జారి కండరాలు ఇంకా చిరుగుతాయి. తరమొద్దు, ఎత్తి మోయండి. లేవలేని పిల్లకు రోజుకు నాలుగైదుసార్లు పక్క మార్చి, తల్లి పాలు పిండి పట్టండి. నాలుక పట్టు లేని పిల్లకు బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొంచెం కొంచెంగా, తల ఎత్తిపెట్టి. మిగిలిన టీకాలు, నట్టల మందు, చెవి పోగులు, అన్నీ రెండు వారాలు ఆపేయండి. తర్వాత కూడా పట్టుకునేటప్పుడు చిన్న దొడ్డిలోకి మెల్లగా తోలి, పరుగు లేకుండా పట్టండి.

మీ మండలం డాక్టర్ గారు రాలేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. ఆయన చూసి నిర్ధారించుకున్నాక, త్రాసులో తూచిన బరువుకు సెలీనియం ఇంజెక్షన్ ఆయన చేతే వేయించండి. కుంటుతున్నవాటికి వెంటనే, అదే వయసులో బాగున్నవాటికి కూడా అదే మోతాదు ఒకసారి, ఎందుకంటే లోపం మందకంతా ఉంటుంది, ఒక్క పిల్లకు కాదు. రెండో డోసు కావాలంటే రెండు వారాలకు ముందు వద్దు. మాంసానికి అమ్మే పోతు పిల్లలైతే ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద చూసుకోండి. ఏ పిల్లకు ఏ రోజు వేశారో రంగు గుర్తు పెట్టి రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఇంట్లో ఇద్దరు చూసుకునే మందలో ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం వేసేస్తారు.

ఇంకో సంగతి, ఈ కలిపిన ఇంజెక్షన్లలో విటమిన్-ఇ చాలా తక్కువ పాళ్ళలో ఉంటుంది. మీ మేత వివరాలు చూస్తే మీకు లోటు పడింది దాంట్లోనే ఎక్కువేమో. కాబట్టి నోటి ద్వారా విడిగా విటమిన్-ఇ కూడా అడగండి, మోతాదు బరువు చూసి ఆయన చెబుతారు.

తొడలే దెబ్బతిన్న పిల్లలు మూడు నుంచి ఐదు రోజుల్లో లేచి తిరగడం మొదలుపెడతాయి. గుండె దెబ్బతిన్నవి చాలావరకు దక్కవు, దక్కినా పెరుగుదల ఉండదు. ఇది ముందే తెలిసి ఉంటే మందు పనిచేయలేదని మోతాదు పెంచాలన్న ఆలోచన రాదు.

ఇప్పుడు అసలు విషయం, మేత. విటమిన్-ఇ పచ్చిమేతలో పుష్కలంగా ఉంటుంది. కోసి ఎండబెట్టగానే తగ్గడం మొదలై, నెలలు గడిచేకొద్దీ ఇంకా పోతుంది. వరిగడ్డిలో, కట్టెలో, పొట్టులో దాదాపు లేదనే అనుకోవాలి. మీ తల్లులు చూడి చివరి రోజుల నుంచి ఇప్పటిదాకా సరిగ్గా ఆ మేత మీదే ఉన్నాయి. దానికి తోడు తవుడు. మిల్లులో పట్టిన పచ్చి తవుడులో నూనె ఉంటుంది. బియ్యం మీది పొర ఊడగానే దానిలోని ఎంజైమ్ ఆ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, మన ఎండకు కొద్ది రోజుల్లోనే ముక్కవాసన వస్తుంది. ముక్కిన నూనె తిన్న జీవం ఒంట్లో ఉన్న కాస్త విటమిన్-ఇ కూడా ఖర్చయిపోతుంది. మీరు నెలకు సరిపడా బస్తాలు ఒకేసారి దింపుకుంటున్నామని రాశారు. ఆ బస్తాల అడుగున చెయ్యి పెట్టి వాసన చూడండి. ముక్కి ఉంటే చూడి గొర్రెలకూ పిల్లలకూ ఆపేయండి. నూనె తీసిన తవుడు ముక్కదు, నిల్వకు అదే మేలు. కానీ నూనెతోపాటు దానిలోని విటమిన్-ఇ కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

సెలీనియం లెక్క వేరు. అది మొక్కకు నేల నుంచి రావాలి, ఆమ్ల నేలల్లో మొక్కకు తక్కువ అందుతుంది, క్షార నేలల్లో ఎక్కువ. పక్కపక్క మండలాల గడ్డిలోనే తేడా ఉండొచ్చు. అందుకే ఒక ఊరి మేతనే ఏడాదంతా పెట్టే షెడ్డు మందల్లో లోపం బయటపడే అవకాశం ఎక్కువ. పది ఊళ్ళు తిరిగి మేసే మందకు ఒకచోట తగ్గింది ఇంకోచోట దొరుకుతుంది. పైగా నెమరువేసే జీవాలు తిన్న సెలీనియంలో సుమారు మూడో వంతే ఒంటపట్టించుకుంటాయి, మిగతాది రూమెన్‌లో (మొదటి పెద్ద పొట్టలో) సూక్ష్మజీవులు పనికిరాని రూపంలోకి మార్చేస్తాయి. గంధకం ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. బోరు నీళ్ళలో సల్ఫేట్ ఎక్కువుంటే, మొలాసిస్ (చెరకు మడ్డి) ఎక్కువ పెడితే దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తల్లి నుంచి పిల్లకు ఈ రెండూ చేరే దారులు కూడా వేరు. సెలీనియం మాయ దాటి కడుపులోని పిల్లకు చేరుతుంది. విటమిన్-ఇ మాయను సరిగా దాటదు, జున్నుపాలలోనే వస్తుంది. అంటే చూడి చివరి నెలల్లో తల్లికి సెలీనియం లేకపోతే పిల్ల ఖాళీ నిల్వతో పుడుతుంది, తల్లికి పచ్చిమేత లేకపోతే జున్నుపాలు తాగినా విటమిన్-ఇ ఎక్కదు. పుట్టిన అరగంట, గంటలోపు జున్నుపాలు పట్టమని మేం పదే పదే చెప్పేది రోగనిరోధక శక్తి కోసం ఒక్కటే కాదు.

పైకి కుంటడం కనిపించేది కొన్ని పిల్లల్లోనే, కానీ నష్టం అక్కడితో ఆగదు. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్‌లకూ సెలీనియం కావాలి. అప్పుడే పుట్టిన గొర్రె పిల్ల చలిని తట్టుకునేది కిడ్నీల చుట్టూ ఉన్న గోధుమరంగు కొవ్వును కరిగించి, దానికి ఈ హార్మోన్ కావాలి. వానాకాలం రాత్రి ఈనితే తెల్లారేసరికి ముడుచుకుని చచ్చే పిల్లల్లో కొన్నిటి కథ ఇదే. సూక్ష్మజీవిని మింగిన తెల్లకణం దాన్ని చంపలేకపోవడం, పిల్ల పాలు తాగుతున్నా బరువు రాకపోవడం, తల్లుల్లో మాయ పడకపోవడం, కట్టిన మూడు నాలుగు వారాలకు పిండం పోయి గొర్రె మళ్ళీ ఎదకు రావడం, ఇవన్నీ ఈ లోపంతో వస్తాయి. న్యూజిలాండ్‌లో లోపం ఉన్న బీళ్ళలో పిల్లలు ఎదగకపోవడం, తల్లులు ఒట్టిపోవడం చూసి ఏకంగా ఎరువుతోపాటు సెలీనియం గుళికలు చల్లడం మొదలుపెట్టారు. ఫిన్లాండ్ 1984 నుంచి దేశం మొత్తం ఎరువుల్లోనే కలుపుతోంది. మనకు అంత అవసరం లేదు, నేలలు అన్నిచోట్లా ఒకలా లేవు కూడా. ఖనిజ లవణ మిశ్రమం సరిపోతుంది.

మిశ్రమం కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, అందులో సెలీనియం ఉందా, కిలోకు ఎంత. మార్కెట్లో సెలీనియమే లేని మిశ్రమాలు కూడా అదే ధరకు అమ్ముడవుతున్నాయి. 30 కిలోల తల్లి గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు పదార్థం తింటుంది, మేత కిలోకు 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాముల సెలీనియం ఉండాలి. కిలోకు 10 మిల్లీగ్రాముల సెలీనియం ఉన్న మిశ్రమాన్ని రోజుకు 10 గ్రాములు పెడితే 0.1 మిల్లీగ్రాము అందుతుంది. మేతలో ఉన్నది దానికి కలుస్తుంది, ఇది భద్రమైన లెక్క. రెండోది రాగి. గొర్రెకు రాగి ఎక్కువైతే కార్జం చెడి కామెర్లతో చస్తుంది. ఆవులు, కోళ్ళ కోసం చేసిన మిశ్రమం మేకలకు కొంతవరకు పర్వాలేదేమో గానీ గొర్రెలకు వద్దు, గొర్రెల కోసమని రాసి ఉన్నదే తీసుకోండి. సోడియం సెలెనైట్ పొడి కొని ఇంట్లో కలుపుకుందామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. టన్ను దాణాకు పట్టేది గ్రాము కంటే తక్కువ. పారతో కలిపితే ఒక గొర్రెకు ఏమీ రాదు, ఇంకో గొర్రెకు పదింతలు వస్తుంది. మిశ్రమంతో పాటు ఇంజెక్షన్, దాంతో పాటు సెలీనియం ఉన్న లివర్ టానిక్, మళ్ళీ సెలీనియం ఈస్ట్ (సెలీనియం పట్టించి పెంచిన ఈస్ట్), ఇలా మూడు నాలుగు దారుల్లో పోసే షెడ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఏది పెడుతున్నా మొత్తం కూడి చూసుకోండి. సెలీనియం ఈస్ట్ ధర ఎక్కువే, కానీ పాలలోకి, కడుపులోని పిల్లకు చేరడంలో సెలెనైట్ కంటే మెరుగు. చూడి చివరి రెండు నెలలకు మాత్రమే పెట్టినా ఖర్చుకు తగ్గ ఫలం ఉంటుంది.

పచ్చిమేతకు మీకు నీళ్ళు తక్కువని రాశారు. పది గుంటల్లో డ్రిప్ మీద దశరథ గడ్డి, గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ వేసుకుంటే చూడి గొర్రెలకూ పాలిచ్చే తల్లులకూ రోజుకు కొంత పచ్చి ఆకు వస్తుంది. అందరికీ సరిపోకపోతే పోతులకు మానేసి చూడివాటికి ఇవ్వండి. నేపియర్ గడ్డి ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ళు మే నెలలో నీళ్ళు లేక ఇబ్బంది పడటం ఏటా చూస్తున్నాం.

వచ్చే ఈతకు ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు తల్లులకు ఒక సెలీనియం డోసు ఇవ్వొచ్చు, కానీ అది రక్తపరీక్షలో లోపం తేలితేనే. చిటుకు రోగం టీకా కూడా తల్లులకు దాదాపు ఆ సమయంలోనే వేస్తాం, ఒకేసారి పట్టుకుంటే సరిపోతుంది, రెండు సూదులు రెండు పక్కలా.

మేకలున్నవాళ్ళు కింద అడుగుతారని తెలుసు: మేక పిల్లల్లోనూ ఇదే జబ్బు, ఇదే లెక్క, ముఖ్యంగా వేగంగా పెరిగే బోయర్ సంకరాల్లో. గేదె దూడలు పడిపోతే మాత్రం ముందు నట్టలు, పారుడు, న్యుమోనియా చూసుకోండి, మన దగ్గర దూడలు ఎక్కువగా పోయేది వాటితోనే.

మీ నుంచి నాకు కావాల్సినవి: సీసా లేబుల్ మీద ఎం.ఎల్.కు ఎంత, అది సెలీనియమా సోడియం సెలెనైటా, కుంటే పిల్లలు మూడింటి బరువులు, సీపీకే, ఏఎస్‌టీ అంకెలు, తవుడు ఎప్పుడు దింపారో ఆ తేదీ. కోళ్ళ దాణా సంగతి కూడా మేత అమ్మిన మనిషిని అడిగి రాయండి. అవి వచ్చాక మీ డాక్టర్ గారితో కలిసి చూసుకోవడానికి తల్లుల దాణా పాళ్ళు రాసి పెడతాను. అప్పటిదాకా ఆ సీసా పిల్లలకు అందని అలమారాలో ఉంచండి, ఇంట్లో పిల్లలకు కూడా.